పదవియు, పనియు



మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ప్రజాసేవను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామ సహకార సంఘమున లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల నీ బల్లకడ గూర్చుండి కావ్యములు చదువుకొన్నవాడను. కావున లెక్కలవాని దృష్టితోనే మాటలాడెదను.

మా వంశమున కరణీకముండెడిది. 1984లో ప్రభుత్వమువారు ఆ పదవుల నెత్తివేసిరి. ఎత్తివేయుట మంచిదేయని నా యభిప్రాయము. కలమును కత్తిగా వాడిన కరణములు లేకపోలేదు. అయినను పదవి పోయిన పిదపకూడ మా తండ్రిగారి యరుగుమీదికి దస్తావేజు చదివించుకొనుటకును, అర్జీ వ్రాయించుకొనుటకును జనులు వచ్చుట మానలేదు. సర్కారువారు తీసికొనిపోయినవి లెక్కల కట్టలు మాత్రమే. చదివిపెట్టు గుణము పదవితో వచ్చినది కాదు గనుక పదవితో పోలేదు.

ఇంతకంటె పెద్ద దృష్టాంతమునకు చార్లెస్ ఫిలిప్ బ్రౌనును స్మరింతును. 1798లో కలకత్తాలో జన్మించిన యాయన 1820లో ఈస్టిండియా కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చెను. శిస్తు వసూలును, తగవుల విచారణయు కంపెనీవారు చెప్పిన కొలువు. తాళపత్రములను వెదకుమని వారు చెప్పలేదు. ఆయన మాత్రము తన బంగళాయందు పండితులను, వ్రాయసగాండ్రను సొంత ధనముతో పోషించి, చెదల పాలగుచున్న ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. అప్పు చేయుటకును వెనుదీయలేదు. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. మనుచరిత్ర, వసుచరిత్రలకు పండితులచే వ్యాఖ్యలు వ్రాయించెను. గురువు లేక కావ్యము చదువబూనిన నావంటివానికి వ్యాఖ్యానమే గురువు. ఆ ఋణము నా ఖాతాలో తీరని పద్దు. దొరల యేలుబడి మంచిదని నేననుటలేదు సుమండీ! ఆ యేలుబడిలో నొక యుద్యోగి చేసిన పనిని మాత్రమే చెప్పుచున్నాను. ఆయన బంగళా యుండిన చోటనే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయము నడచుచున్నది.

జీతము పుచ్చుకొనువానిది సేవ యెట్లగునని కొందరందురు. బ్రౌనును జీతము గైకొన్నవాడే. జీతమియ్యక పని చేయించుకొనుటను నేనొప్పను; ఆకలిగొన్నవానికి త్యాగము బోధించుట వినువాని కంటె చెప్పువానికి సులభము. కాని యే కొలువునందైనను జీతపు పట్టీలో చేరని గంట యొకటి యుండును. మన గ్రంథాలయ మిరువదియైదేండ్లు నిలిచినది ఆ గంటవలననే. చందాలతో పత్రికలు వచ్చినవి, బీరువాలు వచ్చినవి. వానకు తడిసిన పుస్తకములను ఆకు ఆకున విడదీసి యారబెట్టిన చేతులకు మాత్రము ఏ ఖాతాలోను పద్దు లేదు.

ఇప్పుడు తాళపుచెవి వృద్ధులైన కార్యదర్శిగారి కడ నున్నది. సాయంకాలము ఆరు గంటలకు వారు కఱ్ఱ యూతగా వచ్చి తలుపు తీయుచున్నారు. వర్షము కురిసిన దినమున రాలేరు; ఆనాడు పిల్లలు మెట్లమీద కొంతసేపు గూర్చుండి మరలిపోవుదురు. క్రొత్త బీరువాకు విరాళములడుగుచున్నాము, సంతోషమే. దానికంటె ముందు దినమునకొకరు చొప్పున ఏడుగురు కావలయును. ద్వారముకడ కాగితమొకటి యుంచితిని. బుధవారమునకెదుట నా పేరు వ్రాసికొంటిని. తక్కిన ఆరు దినములును ఖాళీగా నున్నవి.