యూదుల కథలు చదివితే ఉద్యోగం వచ్చుద్దా?

ఈ ఎపిసోడ్‌కి కారణం మా అమలాపురం బాబాయి. వాళ్ళమ్మాయి ఎంఏ ఇంగ్లీష్ ప్రాజెక్టు ఆధునిక యూదు సాహిత్యం మీద చేస్తానంది. బాబాయి ఫోన్ చేసి, "ఇజ్రాయెల్ గొడవ మనకెందుకురా? ఉద్యోగం వచ్చుద్దా?" అన్నాడు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ మానేసి వీడియోలు చేసుకునే నన్నే అడగాలా!

అసలది ఒక దేశం సాహిత్యం కాదండి. కాఫ్కా జర్మన్‌లో రాశాడు. తేలు కుట్టిన రాత్రి గురించి కవిత రాసిన నిస్సిమ్ ఎజెకీల్ మన ముంబై యూదుడే. చెల్లికి నచ్చింది మాత్రం యిడ్డిష్. తూర్పు యూరప్ యూదులు ఇళ్ళల్లో, సంతల్లో మాట్లాడుకున్న భాష. వాళ్ళలో చదువుకున్నోళ్ళే చాలామంది దాన్ని మోటు భాషని తీసిపారేసేవారు. షోలెమ్ అలైకెమ్ అందులోనే ఒక పాలవాడి చేత కథలు చెప్పించాడు. 1908లో చెర్నోవిట్స్‌లో సభ పెట్టి, ఇదీ మా జాతి భాషేనని తీర్మానం చేశారు. ఇంచుమించు అదే రోజుల్లో ఇక్కడ గిడుగు రామమూర్తి గారు వాడుక తెలుగు కోసం పోరాడుతున్నారు! మనం "ఆయ్" అంటే ఇప్పటికీ నవ్వుతారు కదా, ఆ బాధ మనకి తెలీదా?

తర్వాత హిట్లర్ కాలంలో ఆ భాష మాట్లాడేవాళ్ళని లక్షల్లో చంపేశారు. 1978లో యిడ్డిష్ రచయిత సింగర్‌కి నోబెల్ వచ్చేసరికి చదివేవాళ్ళే తగ్గిపోయారు.

బాబాయికి నిజమే చెప్పాను. ఈ కథలు చూసి ఎవడూ ఉద్యోగం ఇవ్వడు. కానీ గిడుగునీ షోలెమ్ అలైకెమ్‌నీ పక్కపక్కన పెట్టి చదివే పిల్ల మనింట్లో ఉంది, ఆపకు బాబాయ్ అన్నాను. "సరే, ఎడ్‌సెట్‌కి కూడా అప్లై చెయ్యమను" అన్నాడు. చేసింది.