జీతమా, ఫీజా?
(విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి తోటి పెన్షనరు మిత్రులు, వారి కుటుంబ సభ్యులు వచ్చారు. 2016 అక్టోబరులో జిల్లాలు మూడైనా మనమంతా పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లమే. అందుకే మొహమాటం లేకుండా నా తప్పుతోనే మొదలుపెడతాను.

నేను ఇంజనీరింగు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర, వనపర్తి వైపు కట్టే భవనాల పని చూడడానికి ఒప్పుకున్నాను. నెలకు 30,000 రూపాయలు. కాగితం మీద నా హోదా ‘సాంకేతిక సలహాదారు’. వృత్తి ఫీజు అని రాసి, 10 శాతం పన్ను పట్టుకుని 27,000 చేతికిచ్చేవారు.

2023 జూలైలో రిటర్ను వేసేటప్పుడు తెలిసినవారొకరు, “సారూ, మీది ఫీజు కదా! 44ఎడిఎ సెక్షను కింద సగమే ఆదాయంగా చూపండి. లెక్కల పుస్తకం కూడా అక్కర్లేదు” అన్నారు. నా పెన్షను ఏడాదికి 6,00,000, ఈ ఫీజు 3,60,000. అందులో 1,80,000 లెక్కలోంచి ఎగిరిపోయింది. పాత విధానంలో నాది 20 శాతం శ్లాబు గనుక సెస్సుతో కలిపి 37,440 రూపాయలు మిగిలాయి. ఇంటావిడకు చెప్పి మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం మన సంఘం ఆఫీసులోనే తీరింది. కార్మిక శాఖలో పనిచేసి వచ్చిన ఒక మిత్రుడు నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

“పొద్దున ఎన్నిటికి పోతవన్నా?”

“తొమ్మిదిన్నరకు.”

“రిజిస్టరుల సంతకం?”

“చెయ్యాలె.”

“లీవు కావాల్నంటే?”

“మేనేజరు ఒప్పుకోవాలె.”

“ఇంకో కాంట్రాక్టరు పని చూడొచ్చా?”

“చూస్తే ఊకుంటరా?”

“మరి నువ్వు ఎక్కడి సలహాదారువన్నా? నువ్వు నౌకరువే. అది జీతమే.”

జీతమైతే సగం తీసేసే వీలు లేదు. స్టాండర్డ్ డిడక్షను అప్పటికే పెన్షను మీద వాడుకున్నాను, అది రెండోసారి రాదు.

ఆయనే ఒక తీర్పు సంగతి చెప్పాడు. తెలంగాణ ప్రాంతపు 1951 నాటి దుకాణాల చట్టం కింద సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1973లో తీర్పు వచ్చింది. అక్కడి దర్జీలకు నెల జీతం లేదు, కుట్టినదానికి కూలి. పని వేళలు కచ్చితంగా లేవు. కొందరు బట్ట ఇంటికి తీసుకుపోయి కుట్టేవారు. ఇంకో దుకాణానికి కుట్టినా అడ్డు లేదు. యజమాని వీళ్లు నా ఉద్యోగులు కారన్నాడు. కోర్టు ఉద్యోగులేనని తేల్చింది. మిషన్లు చాలావరకు దుకాణానివి. ఎట్లా కుట్టాలో చెప్పేది దుకాణం. నచ్చకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టించే హక్కూ దుకాణానిదే. అది పన్ను కేసు కాదు. అయినా యజమాని, నౌకరు సంబంధం ఉందా లేదా అన్న ప్రశ్న పన్నులోనూ అదే.

ఇది విన్నాక నాకు మా గద్వాల మగ్గాలు గుర్తొచ్చాయి. ఇంట్లో సొంత మగ్గమే ఉంటుంది. కానీ పట్టు, జరీ, డిజైను షావుకారు ఇచ్చి, చీరకింత అని కూలి ఇస్తే ఆ నేతగాడు స్వతంత్రుడా? సొంతంగా నూలు కొని, నేసి, తన చీర తానే అమ్ముకునేవాడి సంగతి వేరు. ఇద్దరూ నేసేది అదే చీర. పాపం, వాళ్ల రాబడి పన్ను దాకా రాదు గనుక ఈ చర్చ వాళ్లకు పి.ఎఫ్. వంటి హక్కుల దగ్గరే పనికొస్తుంది. ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారు పి.ఎఫ్. చట్టం కిందికి వస్తారని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండో పక్క కూడా చూడాలి. రిటైరైన డాక్టరు నాగర్‌కర్నూలులో రెండు మూడు ఆసుపత్రులకు తన వీలునుబట్టి పోయి, రోగికింత అని తీసుకుంటే అది నిజంగా ఫీజే. ఆయన సగం చూపినా తప్పులేదు.

ఇక నా సంగతి. 2023 డిసెంబరు 31 లోపల సవరించిన రిటర్ను వేసి ఆ 37,440 కట్టాను. కాంట్రాక్టరు పట్టుకున్న 36,000 నా పేరుమీదే జమ ఉంది గనుక దానికి నష్టం రాలేదు. కానీ పోర్టల్లో అది ఫీజుగా, నా రిటర్నులో జీతంగా కనపడుతుంది. రేపు ఎవరైనా అడిగితే చూపడానికి నియామక పత్రం, హాజరు పట్టీ నకలు దాచుకున్నాను.

ఫారం 16 ఇమ్మంటే, “మా రికార్డులో మీరు సలహాదారే” అన్నారు. “అయితే సలహాదారు లెక్కనే వస్తాను” అన్నాను. ఇప్పుడు నెలకు నాలుగుసార్లు నా స్కూటరు మీద, నాకు వీలైన వేళ పోతాను. రిజిస్టరు లేదు. పోయినసారికింత అని బిల్లు రాసిస్తాను. ఇంకో ఇద్దరి ఇళ్ల పని కూడా చూస్తున్నాను. రాబడి తగ్గింది, కానీ 44ఎడిఎ ఇప్పుడు న్యాయంగా నాది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మాత్రం వేరు.

2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు ఉంది గనుక మనలో చాలామందికి పన్ను పడకపోవచ్చు. కానీ మన పిల్లలు ప్రైవేటు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ‘కన్సల్టెంటు’ పేరుతో చేరుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్యూటీ, పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. ఈ పండక్కు ఇంటికొచ్చినప్పుడు ఆ ఆర్డరు కాగితం ఒకసారి అడిగి చూడండి. మా మిత్రుడు నన్నడిగిన ఆ నాలుగు ప్రశ్నలూ వాళ్లనూ అడగండి. అనుమానం ఉంటే కాగితం పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి, ఆయన అక్కడే ఉంటాడు.