ఈస్టు కణానికి దిక్కు చూపేదెవరు?



ఆమధ్య ఇంట్లో బన్నులు చేద్దామని ఈస్టు తెప్పించాను. త్వరగా పొంగుతుంది కదా అని మరిగే నీళ్ళు పోశాను. రెండు గంటలైనా పిండి కదలలేదు. "అవి ప్రాణమున్న కణాలమ్మా, ఉడికించేశావు!" అంది కాలేజీలో చదివే మా అమ్మాయి. ఆ పూట అది నాకు చెప్పిన పాఠమే ఈవేళ మీకు చెబుతాను.

ఈస్టు ఒకే కణంతో బతికే జీవి. మిల్లీమీటరులో సుమారు 200వ వంతు ఉంటుంది. తిండి, వెచ్చదనం కుదిరితే దాదాపు గంటన్నరకొకసారి తల్లికణం ఒంటిమీద మొగ్గ వేస్తుంది. ఆ మొగ్గే పెరిగి పిల్లకణమై విడిపోతుంది.

గుండ్రని కణానికి అన్ని పక్కలూ ఒకటే కదా, మరి మొగ్గ ఎక్కడ వేయాలో ఎలా తెలుస్తుంది? ప్రోటీన్లు అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తుకొస్తాయి. కణం లోపల పనులు చేసేవీ అవేనండీ. పిల్ల విడిపోయిన చోట తల్లికి మచ్చ మిగులుతుంది. అక్కడ కొన్ని ప్రోటీన్లు గుర్తులుగా ఉండిపోతాయి. ఆ గుర్తును బట్టి సి.డి.సి.-42 అనే ప్రోటీను ఒకచోట గుమిగూడుతుంది. పేరంటంలో ముందొచ్చినవాళ్ళు ఇరుగుపొరుగును కేకేసినట్టు, చేరినవి మరికొన్నిటిని రప్పించుకుంటాయి. ఆపైన ఆక్టిన్ అనే ప్రోటీను తాళ్ళలాగా ఆ చోటికి సాగుతుంది. మొగ్గకు కావలసిన సామాగ్రి ఆ తాళ్ళ వెంట చేరుతుంది.

ఇక్కడొక విశేషం. గుర్తులు చెడిపోతే కణం ఆగిపోదు. ఏదో ఒక పక్కన మొగ్గ వేస్తుంది. సి.డి.సి.-42 చెడితే మాత్రం మొగ్గే ఉండదు. 1990లో వెలువడిన పరిశోధనల్లో ఇది తేలింది. వేడికి ఆ ప్రోటీను పాడయ్యే కణాలను వెచ్చగా ఉంచితే, అవి గుండ్రంగా ఉబ్బిపోయాయి గాని మొగ్గ తొడగలేదు. తిండి ఉంది, ఎదుగుదల ఉంది, దిక్కే లేదు.

"ఈస్టు సంగతి మనకెందుకే?" అన్నాను. ఇంచుమించు ఇలాంటి ప్రోటీనే మన ఒంట్లోనూ ఉందట! పేగు లోపలి పొరలో ప్రతి కణానికీ తిండి వచ్చే వైపేదో, రక్తం వైపేదో తెలియాలి. కాన్సరు గడ్డల్లో కణాలు ఈ దిక్కు తప్పడం తరచుగా కనబడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఈస్టును అంత శ్రద్ధగా చూస్తున్నారు.

తల్లికణం సుమారు పాతిక మొగ్గలు వేసేసరికి ముసలిదైపోతుంది. పాడైన ప్రోటీన్లను చాలావరకు తనలోనే ఉంచుకుని, పిల్లను కొత్తగా సాగనంపుతుంది. ఇది విన్నాక డబ్బాలోని ఆ పలుకులను చూస్తే నాకు వెనకటిలా అనిపించలేదు.

మర్నాడు వేలికి ఓర్చుకోగల గోరువెచ్చని నీళ్ళే పోశాను. బన్నులు చక్కగా పొంగాయి. మీరూ మరిగే నీళ్ళు మాత్రం పోయకండి. సెలవు.