హైదరాబాదు ఎండ, వరంగల్లు ఎండ

వార్తల చివర హైదరాబాదు ఉష్ణోగ్రత చదివినపుడు, వర్ధన్నపేటలో రేడియో ముందు కూర్చున్న రైతు దానినే తన ఊరి లెక్కగా గ్రహించుట కద్దు. ఈ అలవాటును గూర్చియే నేడు మేము శ్రోతలతో కొంత ముచ్చటింపదలచితిమి.

హైదరాబాదు, వరంగల్లు నగరముల నడుమ దూరము సుమారు 145 కిలోమీటర్లు. రెండును తెలంగాణ పీఠభూమి మీదివే. అయినను హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. వరంగల్లు ఎత్తు అందులో ఇంచుమించు సగమే. వెయ్యి మీటర్లు పైకి పోయినచో గాలి వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గును. ఆ లెక్కను బట్టి వరంగల్లు ఎండ రాజధాని ఎండకంటె ఒకటిన్నర, రెండు డిగ్రీలు హెచ్చు. రెండు డిగ్రీలే గదా యని పంకా క్రింద కూర్చున్నవారు అనవచ్చును. మిరప కల్లములో వంగి పనిచేయు స్త్రీలకు మాత్రము, పని ఏ వేళకు ఆపవలెనో తేల్చునది ఆ రెండు డిగ్రీలే.

అయితే ఎత్తు ఇచ్చిన వరమును హైదరాబాదులో కాంక్రీటు హరించుచున్నది. పగలు పీల్చిన వేడిని మేడలును, రోడ్లును రాత్రి వదలుచుండుటచే నగరమునకు చల్లబడు వ్యవధి చాలుట లేదు. ఈ విషయమున ఆరుబయట మంచము వేసికొనగల వర్ధన్నపేటవారే అదృష్టవంతులని మా అభిప్రాయము.

వాన సంగతి వేరు. హైదరాబాదులో ఏటికి సుమారు 800 మిల్లీమీటర్లు కురియగా, వరంగల్లులో అది 1000కి దగ్గరగా నుండును. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండములు వాయవ్యముగా సాగునపుడు తరచుగా గోదావరి ప్రక్క జిల్లాలే ముందు తడియును. 2020 ఆగస్టులో వరంగల్లు కాలనీలు నీట మునిగినవి. హైదరాబాదు వంతు అక్టోబరులో వచ్చినది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు ఒక్క దినములో 64 సెంటీమీటర్లకు మించి కురిసినది. హైదరాబాదు ఏడాది వానలో అది ముప్పాతికకు పైమాటే! పాకాల, రామప్ప చెరువులు కట్టించిన కాకతీయుల నాటివారు ఈ వాన స్వభావ మెరిగినవారే.

వాతావరణ కేంద్రము ఇప్పుడు జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు చేయుచున్నది. కల్లములో మిరప ఆరబోసినవారును, ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు తీసికొనిపోవువారును చెవి యొగ్గవలసినది వరంగల్లు జిల్లా పేరునకు. వేసవిలో అకాలవర్షమునకు తడిసిన మిరప రంగు పోవును, బూజు పట్టును. హైదరాబాదులో ఆనాడు చినుకైన పడలేదని చెప్పినంత మాత్రమున కొనువాడు ధర పెంచడు.