శాంక్షన్ అంటే ఏమిటి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఐదు నిమిషాలే మాట్లాడమన్నారు. ఇంగ్లీషు మాస్టారిని కనుక ఒక్క ఇంగ్లీషు మాట గురించే చెబుతాను. మన సంఘం విద్యాశాఖకు ఇవ్వబోయే వినతిపత్రంలో ఆ మాట ఉంది: శాంక్షన్.

1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాక అమెరికా మన దేశం మీద శాంక్షన్స్ విధించింది. జూన్‌లో బడి తెరవగానే పదో తరగతి కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, మా నాన్నకి బ్యాంకులో లోను శాంక్షనైతే ఇంట్లో పాయసం వండారు. అమెరికా శాంక్షన్ చేస్తే అందరూ దిగులు పడతారేం?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ముచ్చటేసింది. మంజూరు, శిక్ష - ఒకే మాటకు ఇంత ఎదురెదురు అర్థాలా?

మూలం లాటిన్‌లో ఉంది. ఒక కట్టడిని పవిత్రమైనదిగా శాసించడం అని ఆ క్రియకు అర్థం. 'సెయింట్' కూడా ఆ కుదురులోదే. శాసనం చేసేవాడు దానికి ఆమోదముద్ర వేస్తాడు, మీరితే పడే శిక్షనూ అందులోనే రాస్తాడు. ముద్ర ఒక అర్థమైంది, శిక్ష మరొకటైంది. వాడుకలో పోల్చుకోవడం తేలికే. లోను, సెలవు, పోస్టు 'శాంక్షన్ చేశారు' అంటే మంజూరు. ఒక దేశం మీద 'శాంక్షన్స్' అని బహువచనంలో వస్తే, మన పత్రికలు రాసే ఆంక్షలు. రెండూ ఎదురుపడే చోటు కూడా ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగిపై కేసు నడపాలంటే ముందుగా శాంక్షన్ కావాలి. అంటే, శిక్ష దాకా వెళ్ళడానికి అనుమతి!

ఇక మన వినతిపత్రం. "ఇంగ్లీషు టీచరు పోస్టు శాంక్షన్ చేయ ప్రార్థన" అని రాశారు. హెడ్మాస్టరు గారి గదిలో బోర్డు చూడండి. మంజూరైనవి, పనిచేస్తున్నవారు, ఖాళీలు అని మూడు గళ్ళు. ఇంగ్లీషుకు ఎదురుగా మొదటి గడిలో 1, చివరి గడిలోనూ 1. పోస్టు ఏనాడో శాంక్షనైంది, మనిషే లేరు. ఈ కాగితం ఇలాగే వెళితే "పోస్టు ఇదివరకే శాంక్షన్ అయి ఉన్నది" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు. అందులో అబద్ధమూ ఉండదు. పిల్లలు మాత్రం ఈ ఏడాదీ లెక్కల మాస్టారి దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంటారు. (ఆయన బాగానే చెబుతున్నారు, అది వేరే సంగతి.)

కనుక కార్యదర్శి గారూ, ఆ వాక్యం కొట్టేసి "మంజూరై ఖాళీగా ఉన్న పోస్టును భర్తీ చేయండి" అని రాయించండి. ఏ తేదీ నుంచి ఖాళీయో కూడా వేయండి. భర్తీ అయ్యేదాకా వారానికి రెండు రోజులు నేను వచ్చి పాఠం చెబుతాను. దానికి హెడ్మాస్టరు గారి శాంక్షన్ ఉంటే చాలు.