మా తర్వాత మా బిడ్డను ఎవరు చూస్తారు?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో దాతలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)





రంజాన్‌లో జకాత్ పంపిణీకి మండీబజార్, హనుమకొండ, కాజీపేట గల్లీల్లో తిరిగినప్పుడు బియ్యం అడిగేవాళ్లు, పిల్లల ఫీజు అడిగేవాళ్లు, మందులు అడిగేవాళ్లు మనకు కనిపిస్తారు. ఇవేవీ అడగకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. "మేం పోయాక మా బిడ్డను ఎవరు చూస్తారు?" ఆ బిడ్డ చిన్నపిల్లవాడు కాడు. ముప్పై, నలభై ఏళ్లు దాటిన మనిషి. మేధో వైకల్యమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్నందున ఇంకా 'బిడ్డ'గానే మిగిలిపోయాడు. ఈరోజు మేం మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

చిన్నతనంలో వీరికి ఎంతో కొంత దారి ఉంది. మన హనుమకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం ఉంది. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. పద్దెనిమిదేళ్లు దాటాకే దారి సన్నబడుతుంది. బడి అయిపోతుంది, పెళ్లిళ్లయిన అన్నదమ్ములు వేరు కాపురాలు పెడతారు, తల్లికి మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. బిడ్డ మాత్రం అదే గదిలో ఉంటాడు.

ఇలాంటప్పుడు మనలో చాలామందికి తట్టే మాట ఒకటే: పెద్ద భవనం కట్టి అందరినీ అందులో ఉంచుదాం. ఉద్దేశం మంచిదే. మంచి వసతిగృహాలు నడిపేవారూ ఉన్నారు. కానీ బయటి నుంచి తాళం పడే చోట ఏం జరగగలదో తమిళనాడులోని ఏర్వాడి మనకు చూపింది. దర్గాకు నయమవుతుందనే ఆశతో తెచ్చిన మానసిక రోగులను అక్కడి ప్రైవేటు ఆశ్రమాల్లో ఉంచేవారు. 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందున బయటపడలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లను అక్కడికి తెచ్చింది శత్రువులు కాదు, వాళ్ల మేలు కోరిన సొంతవాళ్లే.

రెండో దారి ఒకటుంది. మామూలు బస్తీలో, మామూలు కిరాయి ఇంట్లో ముగ్గురు నలుగురు కలిసి ఉండటం. వాళ్లకు కావలసినంత సాయం ఆ ఇంటికే రావటం. ఒకరికి స్నానానికి సాయం కావాలి. ఇంకొకరికి మందుల వేళ గుర్తుచేస్తే చాలు. మరొకరికి డబ్బు లెక్క చూసిపెట్టాలి. మిగతాదంతా వాళ్లిష్టం. ఏం వండుకోవాలో, ఎవరిని ఇంటికి పిలవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఇంటి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. స్వతంత్రంగా బతకటమంటే అన్నీ ఒంటరిగా చేసుకోవటం కాదు. మన ఇంట్లో కరెంటు పాడైతే మనిషిని పిలుస్తాం. అంతమాత్రాన ఇల్లు మనది కాకుండా పోదు.

ఇది కాగితం మీది మాట కాదు. అమెరికాలోని బర్క్‌లీలో వికలాంగులే పూనుకొని 1972లో స్వతంత్ర జీవన కేంద్రం పెట్టుకున్నారు. చెన్నైలోని 'ది బనియన్' సంస్థ ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయిన మానసిక రోగులకు 2015 నుంచి 'హోమ్ ఎగైన్' పేరుతో కిరాయి ఇళ్లు ఏర్పాటు చేస్తోంది. మన చట్టమూ ఇదే చెబుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం సమాజంలో అందరితో కలిసి జీవించటం వికలాంగుల హక్కు.

మన చరిత్రకూ ఇది కొత్త కాదు. చూపులేని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పగించేవారు. ఖలీఫా వలీద్ (705–715) నడవలేని ప్రతి మనిషికి ఒక సేవకుణ్ని, చూపులేని ప్రతి మనిషికి దారి చూపే తోడును ఇచ్చాడని చరిత్రకారుడు తబరీ రాశాడు. మనిషి ఉన్న చోటికే సాయం పంపాడన్నమాట.

ఇక లెక్కకు వద్దాం. ఆసరా పథకం కింద వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలయింది. నలుగురు కలిసి ఉంటే 16,064 రూపాయలు. చిన్న ఇంటి కిరాయికి, కిరాణాకు ఇది ఆసరా అవుతుంది. చాలనిది సాయం చేసే మనిషి జీతం. రాత్రీ పగలూ ఉండాలంటే ఒక్కరు సరిపోరు. పైగా జీతాలకు జకాత్ సొమ్ము వాడలేం. ఆ సొమ్ము అర్హుని చేతికే, అతని సొంతమయ్యేలా చేరాలని హనఫీ ఉలమాల మాట. కాబట్టి అర్హులైన వారికి జకాత్ వారి ఖాతాలోకే వెళ్లాలి. జీతాలు సదఖా, విరాళాల నుంచి రావాలి.

అందుకే దాతలకు మా విన్నపం: ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా ప్రతి నెలా తప్పకుండా వచ్చే చిన్న మొత్తం ఈ పనికి మేలు. భవనానికి శిలాఫలకం ఉంటుంది, జీతానికి ఉండదు. ఈ ఇంటి తలుపు మీద దాత పేరు ఉండదు, అందులో ఉండేవారి పేరే ఉంటుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు దానంతటదే సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుని అవసరం ఉంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నియమిస్తుంది. అదే ట్రస్ట్ 'నిరామయ' పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. వైకల్య ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. దరఖాస్తులు నింపటానికి మేం తోడు వస్తాం. తల్లిదండ్రులు ఉండగానే బిడ్డ వారానికి రెండు రోజులు వేరే ఇంట్లో ఉండటం అలవాటు చేసుకుంటే, రేపు ఆ ఇల్లు అతనికి పరాయిదనిపించదు.

మస్జిద్ కమిటీల పెద్దలూ ఆలోచించాలి. మెట్ల పక్కన ఒక ర్యాంపు, కూర్చుని వుజూ చేసుకునేలా ఒక పీట, ఒక కుళాయి. ఇవి ఉంటే పక్కవీధి ఇంటి నుంచి ఆ మనిషి తనంతట తాను జుమాకు వస్తాడు. జమాఅత్‌లో రోజూ కనిపించే మనిషి ఒక్కరోజు కనిపించకపోతే ఎవరో ఒకరు తలుపు తడతారు. ఆ ఇంటికి అంతకు మించిన కాపలా లేదు.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక! ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు చెప్పే శక్తిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.