వలసయూళ్ల బిడ్డలకు నిలువనీడ

(విజయనగరమున శ్రామికుల సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



శ్రీకాకుళ విజయనగర జిల్లాల పటమును ఒకసారి ముందు పరచుకొని గ్రామనామములను చదువుడు. కొత్తవలస, పాత్రునివలస - ఇట్లు వలస యను మాటతో ముగియు నూళ్లు ఈ సీమలో అడుగడుగున కనబడును. మన పెద్దల నాడు వలస యనగా పోయినచోట పాక వేసికొని, నుయ్యి త్రవ్వుకొని, ఊరు నిలుపుకొనుట. నేడు వలస యనగా ఉన్న యింటికి తాళము వేసి, ముసలివారిని ప్రక్కింటివారి కప్పగించి, పోయినచోట ఇల్లు లేక బ్రతుకుట. మాట యొక్కటియే. ఆనాడది ఊరిని పుట్టించినది. ఈనాడది ఊరిని ఖాళీ చేయుచున్నది. ఈ రెండర్థముల నడుమ ఏమి జరిగినదో, అందు ప్రభుత్వముయొక్క పా లెంతయో మీతో కలిసి విచారింపవలెనని మేమీ సభకు వచ్చితిమి.

మన జిల్లాల శ్రామికుడు పొరుగూళ్లకు పోయి చేయు పనులలో ముఖ్యమైనది ఇండ్లు కట్టుట. విశాఖపట్టణమున, హైదరాబాదున, చెన్నపట్టణమున లేచిన మేడలకు మనవారు ఇటుక మోసిరి, కంకర కలిపిరి, ఇనుపచువ్వ వంచిరి. 2014 జూన్ 28వ తేదీన చెన్నపట్టణ సమీపమున మౌలివాక్కమునందు కట్టుచున్న 11 అంతస్తుల భవనము కుప్పకూలి 61 మంది మరణించిరి. వారిలో అనేకులు మన యీ రెండు జిల్లాల కూలీలు. నాడు మన పల్లెలకు వరుసగా శవములు వచ్చిన దినములను మరచినవా రీ సభలో ఉండరు. వారు కట్టుచున్నవి ఇండ్లే. ఆ భవనము కూలక నిలిచియుండినను అందొక గదియైనను వారిది కాదు. పరులకు ఇండ్లు కట్టుచు, తమకు ఇల్లు లేక, ఇండ్ల క్రిందనే నలిగిపోయిన వారి కథ యది.

ఇది నిన్న పుట్టిన కష్టము కాదు. మన తాతలు కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడ లెక్కి రంగమునకు పోయిరి. రంగూను రేవులో పగలు బస్తాలు మోసిరి. రాత్రి ఇరుకు బసలలో భుజము భుజము తాకునట్లు పరుండిరి. 1942లో జపానువారి దండయాత్రకు వెఱచి వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను ఇల్లు చేరిరి. దారిలో రాలిపోయినవారు రాలిపోయిరి. అంతకు పూర్వమే, 1931లో, కరాచీ జాతీయ మహాసభ కార్మికునకు జీవనవేతనము కావలెనని తీర్మానించినది. తలదాచుకొన చోటు కొనలేని వేతనము జీవనవేతన మెట్లగును? కూలిడబ్బులో కూడు మాత్రమే యుండి గూడు లేకున్న అది సగము వేతనమే.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వములు ఊరకున్నవని మే మనము. 1952లో కేంద్రప్రభుత్వము పారిశ్రామిక కార్మికులకు ఇండ్లు కట్టించుటకై సహాయధన పథకమును తెచ్చినది. 1979లో మన రాష్ట్రమున గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1983 తరువాత పక్కాయిండ్ల నిర్మాణము ఉద్యమముగా సాగినది. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చినది. 2015లో ప్రధానమంత్రి ఆవాస యోజన ఆరంభమైనది. తాటాకు పాకలు తగ్గి కాంక్రీటు కప్పులు పెరిగినవి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు మన తీరముపై విరుచుకొని పడినప్పుడు గట్టికప్పు విలువ యేమో ప్రతి తల్లికి తెలిసినది. చేసిన మేలును చేసినట్లు చెప్పకున్న మన విమర్శకు విలువ యుండదు.

కాని ఈ పథకముల వరుసలో ఒక మార్పును మీరు గమనింపవలెను. 1952 నాటి పథకము కార్మికుని కార్మికునిగా చూచినది. అతడు పనిచేయు కర్మాగారమును తలచుకొని అద్దె యిల్లు కట్టదలచినది. తరువాతి పథకములు అతనిని పేదవానిగా మాత్రమే చూచినవి. అతనికి ఇల్లున్నదా లేదా యని యడిగినవి; అతడెక్కడ పనిచేయునని యడుగలేదు. ఈ ఒక్క ప్రశ్న జారిపోవుటచేత ఇల్లొక దిక్కున, పని యొక దిక్కున నిలిచినవి.

దీనికి దృష్టాంతము మన వాకిటనే యున్నది. 2020 డిసెంబరు 30వ తేదీన ఈ విజయనగరమునకు వెలుపల గుంకలాముచెంత 397 ఎకరములలో 12,301 ఇండ్లస్థలముల పట్టాలు పంచుట కారంభించిరి. రాష్ట్రమంతట నాటి నియమము పట్టణవాసికి సెంటు, గ్రామవాసికి సెంటున్నర. పట్టాలు స్త్రీల పేరిట నిచ్చిరి, అది మెచ్చదగినది. ఇంటి నిర్మాణమునకు 1,80,000 రూపాయలు, ఆపై పావలా వడ్డీకి 35,000 రూపాయల అప్పు ఏర్పరచిరి. సెంటనగా 48 చదరపు గజములు. ఆ గజములలో వంటిల్లు, పడకటిల్లు, మరుగుదొడ్డి ఇమిడిన ఇమిడినవే. మేకను కట్టుటకు, కట్టెలు పెట్టుటకు చోటు లేదు. అయినను సొంతచోటు సొంతచోటే. మా ప్రశ్న సెంటును గురించి కాదు, దూరమును గురించి.

పట్టణపు వాడలో ఒక పూరియింట నుండి నాలుగిండ్లలో పాచిపని చేసికొను తల్లిని తలంపుడు. తెల్లవారక మునుపే ఒక యింట అంట్లు తోమును. ఎనిమిదింటికి తన బిడ్డను బడికి పంపి మరియొక యింటికి పోవును. ఆమె జీవనమంతయు నడచిపోగల దూరములో నల్లుకొని యున్నది. ఆమెకు ఊరిబయట స్థలము చూపి అక్కడ కాపురముండు మంటిమి. పోను ఇరువది, రాను ఇరువది ఆటోకు కావలెననుకొందము. దినమునకు 40 రూపాయలు, నెలలో 25 పనిదినములకు 1,000, ఏటికి 12,000. 15 ఏండ్లలో 1,80,000 రూపాయలు! సర్కారు ఒక చేత ఇచ్చిన ఇంటిసొమ్మును దారి రెండవ చేత లాగికొన్నది. పోయిన ప్రొద్దుకు, చేజారిన పనికి, ఒంటరిగ నుండిన బిడ్డకు మే మింకను లెక్క కట్టలేదు. ఇట్టి తల్లి పట్టాను పెట్టెలో దాచి మరల ఆ పూరియింటనే యున్నచో ఆమెను బద్ధకస్తురాలని నిందించుట న్యాయమా?

ఇల్లలుకగానే పండుగ కాదని మనవారి సామెత. పట్టా చేతికందగానే ఇల్లు కాదు. గోడలు లేవగానే కాపురము కాదు. ఇల్లనగా శ్రామికుడు పొద్దున పనికి పోయి పొద్దుగూకువేళకు తిరిగి రాగల చోటు. దానికి కొలత చదరపు గజము ఒక్కటియే కాదు; నడకయు ఒక కొలతయే. 2024లో వచ్చిన ప్రభుత్వము పట్టణములలో రెండు సెంట్లు, గ్రామములలో మూడు సెంట్లు ఇత్తునని చెప్పినది. సెంట్లు పెరుగుట మాకు సంతోషమే. కాని పట్టణపు చెంత నేల కరవు. సెంట్లు పెరిగినకొలది స్థలము మరింత దూరమునకు జరుగు నేమో యని మా భయము.

పట్టణములో భూమి ప్రియము, ప్రభుత్వ మేమి చేయునని కొందరు పెద్దమనుష్యు లడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. కాని చౌకభూమి నిజముగా చౌకయా? అక్కడికి బాట వేయవలెను, నీటిగొట్టము పరవవలెను, కరెంటు స్తంభములు నాటవలెను. వాటి వ్యయము పోగా మిగిలిన భారమును దినదినము కూలివాడు మోయవలెను. భూమి వెల తగ్గలేదు. ఖజానా నుండి కూలివాని మూటమీదికి మారినది. పట్టణముననే అంతస్తులపై అంతస్తులు కట్టిన కొద్దిచోట అనేకులకు ఇండ్లు కలుగును. టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపుటడుగుల కొలతలతో అట్టి ఇండ్లు కట్టినది. శ్రీకాకుళమున పాత్రునివలసయం దవి లేచినవి. ఆ దారి మంచిదే. అయితే రాష్ట్రమున పెక్కుచోట్ల పునాది పడిన ఇండ్లు తాళపుచెవి చేతికి రాక ఏండ్లు నిలిచినవి. ప్రభుత్వములు మారుచుండును; కార్మికుడు కట్టు అద్దె మాత్రము ఏ నెలయు ఆగదు. ఒకరు మొదలిడిన గోడను మరియొకరు వచ్చి పూర్తి చేయుట పరువు తక్కువ కాదని పాలకు లెల్లరు గ్రహింతురుగాక.

ఇక ఊరు విడిచి పోవువారి మాట. ఆరుమాసములు హైదరాబాదున, ఆరుమాసములు పుట్టినయూర నుండు మేస్త్రీకి పట్టణమున సొంతయిల్లు కాదు కావలసినది. తక్కువ అద్దెకు శుభ్రమైన గది. 1985లో బొంబాయి కాలిబాటల నివాసులను గూర్చిన తీర్పున సర్వోన్నత న్యాయస్థానము, పేదవాడు పని దొరకుచోటికి దగ్గరగా నుండుటకే కాలిబాటపై పరుండునని గుర్తించినది. తొలగింపును ఆ న్యాయస్థానము పూర్తిగ నిషేధింపలేదు. అయినను జీవనోపాధికిని నివాసమునకును గల ముడిని విప్పి చూపినది. 2020లో మహమ్మారి వచ్చి రైళ్లు నిలిచినప్పుడు ఆ ముడి దేశమంతటికి కనబడినది. గుజరాతులోని వేరావల్ రేవున మన తీరపు మత్స్యకారులు వేలమంది పడవలలోనే చిక్కుబడిరి. వారికి ఒడ్డున ఇల్లు లేదు. తుదకు బస్సులలో వారిని స్వస్థలములకు తెచ్చిరి. ఆ ఏడు జూలైలో కేంద్రప్రభుత్వము శ్రామికులకు తక్కువ అద్దె యిండ్ల పథకమును ప్రకటించినది. 2024 నాటి రెండవ పట్టణ ఆవాస యోజనయందును అద్దె యిండ్లకు చోటిచ్చినది. శాసనము కాగితముపై నున్నది. మనకు కావలసినది దానిని పైడిభీమవరపు కర్మాగారముల చెంతకు, బొబ్బిలి పారిశ్రామికవాడకు, పలాస జీడిపప్పు కార్ఖానాల వాకిటికి తెచ్చుట.

ఇది సాధ్యము కాని పని కాదు. మొదటి ప్రపంచయుద్ధమున చితికిపోయిన వియన్నా నగరము 1923 నుండి 1934 వరకు, ధనికుల భవనములపై ఎక్కువగా పడునట్లు పన్ను విధించి, 60,000కు పైగా ఇండ్లు కట్టి కార్మికులకు తక్కువ అద్దె కిచ్చినది. యుద్ధమున ఓడి, ఆకలిచే సొలసిన పట్టణము చేయగలిగిన దానిని మన పురపాలక సంఘములు తలపెట్టనైన తలపెట్టవలదా?

కావున మేము కోరునవి నాలుగు. ఇండ్లస్థలము నిర్ణయించునప్పుడు అచ్చటి లబ్ధిదారులు చేయు పనికి ఎంత దూరమో పట్టిక వ్రాసి ప్రజల ముందుంచవలెను. నీరు, దీపము, బడి, బస్సు కుదిరిన పిమ్మటనే ఆ స్థలమును ఇండ్లస్థలమని పిలువవలెను. కర్మాగారమునకు భూమి యిచ్చు ప్రభుత్వము అందొక భాగమును కార్మికుల అద్దె యిండ్లకు విడిచిపెట్టవలెను. వలసకూలీలకు వసతి కల్పించు భారమును 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మిక చట్టము పనిచేయించువారిపై నుంచినది. కట్టడపు కూలీలకు పనిచోటనే ఉచిత నివాస మీయవలెనని 1996 నాటి చట్టము శాసించినది. పాత చట్టముల చోట కొత్త స్మృతులు వచ్చినను ఆ బాధ్యత సడలరాదు. ఉన్నదానిని అమలు చేయవలెను.

సోదరులారా, ప్రభుత్వమును అడుగుటతో మన పని తీరదు. గ్రామసభకు, వార్డు సచివాలయమునకు పోయినప్పుడు పట్టా ఎప్పు డిత్తురని మాత్రమే యడుగుచున్నాము. ఇకమీదట ఎక్కడ ఇత్తురు, నీ రెప్పుడు వచ్చును, బస్సు ఏ వేళకు కదలును అని యడుగుదము. ఒంటరిగా అడిగినవానిని వెనుకకు పంపుట సులభము. పనిపాటల సంఘముగా అడిగినవారికి జవాబు చెప్పక తప్పదు. ఈ యడుగుటలో స్త్రీలు ముందుండవలెను. పట్టా వారి పేరిట నున్నది, దూరపు భారమును వారి కాళ్లే మోయుచున్నవి.

మన పెద్దలు వలస పోయి ఊళ్లు కట్టిరి; ఆ యూళ్ల పేళ్లు నేటికిని పటమున నిలిచియున్నవి. మౌలివాక్కమున పడిన మన బిడ్డలు ఊళ్లకు ఊళ్లే కట్టి, తమ కొక చూరైనను మిగుల్చుకొనలేదు. వారి ఋణము తీర్చు మార్గ మొక్కటే. ఈ సీమలో పుట్టిన ప్రతి శ్రామికునకు, ఉన్నయూరనైనను పోయినయూరనైనను, పనికి నడిచి పోగల నిలువనీడ దొరకునట్లు చేయుట. అట్టి దినమున వలస యను మాటకు మన పెద్ద లిచ్చిన అర్థము తిరిగి వచ్చును.